సెల్‌ఫోను బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే



ఈనాటి పాఠంలో మనం సెల్‌ఫోను బ్యాటరీ గురించి తెలుసుకుందాం. అది ఎలా పనిచేస్తుంది, ఎందుకు పాతబడుతుంది, ఎక్కువ కాలం మన్నాలంటే మనం ఏం చేయాలి అన్న మూడు విషయాలూ వరుసగా చూద్దాం. రసాయన శాస్త్రం చదువుకున్నవారికి ఇందులో కొన్ని మాటలు పరిచయమైనవే. చదువుకోనివారు కంగారు పడనక్కరలేదు. అవసరమైనదంతా ఇక్కడే చెప్పుకుందాం.

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న జరిగింది. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి, ఢిల్లీలో ఉన్న కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో సెల్‌ఫోను మాట్లాడుకోవడానికే. బ్యాటరీ అయిపోతే మాట ఆగిపోయేది, అంతే. ఇవాళ కూరగాయల బండి దగ్గర డబ్బు ఇవ్వాలన్నా, బ్యాంకు పంపే ఓటీపీ చూసుకోవాలన్నా, రైల్లో టికెట్టు చూపించాలన్నా, అర్ధరాత్రి 108కి ఫోను చేయాలన్నా అదే దిక్కు. అందుకే బ్యాటరీ సంగతి అందరికీ తెలియవలసిన విషయమైంది.

ఒక కుర్రవాడి ప్రశ్న

మా వీధిలో ఒక కుర్రవాడున్నాడు. మోటారు సైకిలు మీద ఇంటింటికీ సరుకులు, భోజనాలు చేరవేసే పని అతనిది. ఫోను లేకపోతే అతనికి ఆ రోజు సంపాదన లేదు. ఒక మే నెల సాయంత్రం ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వెనక మూత ఒక పక్క లేచి ఉంది.

"మాస్టారూ, కొని పధ్నాలుగు నెలలు కూడా కాలేదు. షాపులో చూపిస్తే బ్యాటరీ ఉబ్బిందన్నారు. నేను మొదటి రోజు నుంచీ జాగ్రత్తగానే ఉన్నానండీ. కొన్నరోజు ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టాను. ఎప్పుడూ పూర్తిగా అయిపోయేదాకా వాడి, మళ్ళీ నూరు శాతం ఎక్కించేవాణ్ణి. మధ్యలో తీసేవాణ్ణి కాదు. నేను చేసిన తప్పేమిటి?" అని అడిగాడు.

ఫోను ఎక్కడ పెట్టుకుంటావని అడిగాను. బండి హ్యాండిల్‌కు బిగించిన స్టాండులో పెట్టుకుంటాడట. దారి చూసుకోవాలి కాబట్టి స్క్రీను పూర్తి వెలుగులో ఉంటుంది. మధ్యాహ్నానికే చార్జింగ్ దిగిపోతుంది కాబట్టి సంచిలోని పవర్ బ్యాంకు నుంచి వైరు పెడతాడు. రోజుకు రెండుసార్లు నిండుతుంది, రెండుసార్లు ఖాళీ అవుతుంది.

అతను శ్రద్ధగా చేసిన పనులేవీ బ్యాటరీకి మేలు చేయలేదు. కొన్ని కీడే చేశాయి. అతను ఆలోచించని విషయం ఒకటి దాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తినేసింది. అదేమిటో తెలియాలంటే ముందు బ్యాటరీ లోపలికి వెళ్ళాలి.

లోపల ఏముంది?

ఇవాళ మన ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దీనికి రెండు ధ్రువాలు ఉంటాయి. ఒకటి గ్రాఫైట్‌తో చేసింది. గ్రాఫైట్ అంటే పెన్సిలు ములుకులో ఉండే నల్లటి కార్బన్. రెండోది సాధారణంగా లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ అనే పదార్థంతో చేసింది. రెండూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో సన్నటి రంధ్రాలున్న ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖాళీలన్నిటినీ తడుపుతూ ఒక ద్రవం ఉంటుంది. దీన్ని విద్యుద్విశ్లేష్యం అంటారు. ఇది కిరోసిన్‌లా మండే స్వభావం ఉన్నదని గుర్తుపెట్టుకోండి. తరవాత అవసరమవుతుంది.

చిన్నప్పుడు పుస్తకం కాగితాల మధ్య నెమలీక దాచుకోని వారుండరు. గ్రాఫైట్ కూడా అలాంటి పుస్తకమే. అందులో కార్బన్ పరమాణువులు పొరలు పొరలుగా, కాగితాల్లాగా పేర్చి ఉంటాయి. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు అవతలి ధ్రువం నుంచి ద్రవంలో ఈదుకుంటూ వచ్చి ఈ పొరల మధ్య దూరి కూర్చుంటాయి. ఫోను వాడుతున్నప్పుడు అవే అయాన్లు తిరిగి తమ పుట్టింటికి వెళ్ళిపోతాయి. అవి లోపలి దారిన వెళుతున్నంతసేపూ ఎలక్ట్రాన్లు బయటి దారిన, అంటే మన ఫోను సర్క్యూట్లో నుంచి వెళతాయి. ఆ ప్రవాహమే మనం వాడుకునే కరెంటు.

బ్యాటరీ దాదాపు ఖాళీ అయినప్పుడు వోల్టేజి 3 వోల్టుల చేరువలో ఉంటుంది. నిండినప్పుడు 4.2 వోల్టులు, కొత్త రకాల్లో 4.4 వోల్టుల పైన కూడా ఉంటుంది. ఫోను చూపించే శాతాలకు మూలం ఇదే. నూరు శాతం అంటే కోబాల్ట్ వైపున్న లిథియంలో తీయగలిగినంత తీసి గ్రాఫైట్ వైపు కుక్కేశామన్నమాట. అది బ్యాటరీకి విశ్రాంతి స్థితి కాదు. బిగలాగిన విల్లులాంటి స్థితి.

ఈ బ్యాటరీ వెనక చాలామంది కృషి ఉంది. 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం అయాన్లు పొరల మధ్యకు వచ్చి పోయే పద్ధతికి బాట వేశారు. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ ఉపయోగాన్ని చూపింది. 1985లో జపానుకు చెందిన అకిరా యోషినో ప్రమాదకరమైన లిథియం లోహానికి బదులు కార్బన్ పదార్థాన్ని వాడి సురక్షితమైన నమూనా తయారు చేశారు. 1991లో సోనీ సంస్థ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 సంవత్సరాలు.

బ్యాటరీ ఎందుకు పాతబడుతుంది?

పాలు కాచి చల్లారబెడితే పైన మీగడ కడుతుంది. బ్యాటరీని మొదటిసారి చార్జి చేసినప్పుడు గ్రాఫైట్ పైన కూడా అలాంటి ఒక సన్నని పొర కడుతుంది. ఈ పొర అవసరమైనదే. ద్రవానికీ గ్రాఫైట్‌కూ మధ్య అడ్డుగోడలా నిలుస్తుంది. అయితే అది అక్కడితో ఆగదు. నెలలు గడిచేకొద్దీ మందమవుతూనే ఉంటుంది. మందమైన ప్రతిసారీ కొంత లిథియం అందులో చిక్కుకుపోతుంది. చిక్కుకున్న లిథియం ఇక అటూ ఇటూ తిరగలేదు. కొన్నప్పుడు రాత్రి దాకా వచ్చిన చార్జింగ్ రెండేళ్ళకు మధ్యాహ్నానికే అయిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ ముసలితనాన్ని తొందరపెట్టే విషయాలు నాలుగున్నాయి.

మొదటిది వేడి. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు అవుతుందని మోటుగా ఒక లెక్క ఉంది. బ్యాటరీ లోపల జరిగే అక్కరలేని చర్యలకూ ఈ లెక్క వర్తిస్తుంది. ఫోను తయారీదారులు సాధారణంగా 35 డిగ్రీలు దాటని వాతావరణంలో వాడమని చెబుతారు. మన దేశంలో వేసవి సంగతి మీకు తెలుసు. రెంటచింతలలోనూ, రామగుండంలోనూ 45 డిగ్రీలు కొత్త కాదు. రాజస్థాన్‌లోని ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. ఇది నీడలో కొలిచిన ఉష్ణోగ్రత. ఎండలో పెట్టిన నల్లటి ఫోను, అద్దాలు బిగించిన కారులో వదిలేసిన ఫోను ఇంకా ఎంత వేడెక్కుతాయో ఊహించుకోండి.

రెండోది నిండుదనం. వోల్టేజి ఎక్కువగా ఉన్నప్పుడు ధనధ్రువం దగ్గర ద్రవం విచ్ఛిన్నమవుతూ ఉంటుంది. కొంత వాయువు కూడా పుడుతుంది. బ్యాటరీ ఉబ్బడానికి కారణం ఆ వాయువే. ఎక్కువసేపు నూరు శాతంలో ఉంచడమంటే విల్లును ఎక్కువసేపు ఎక్కుపెట్టి ఉంచడమే.

వేడి, నిండుదనం రెండూ కలిస్తే ఏమవుతుందో చూడండి. బ్యాటరీల గురించి చెప్పేవారు తరచూ ఉదహరించే ఒక పట్టిక ఉంది. బ్యాటరీని వాడకుండా ఏడాదిపాటు ఊరికే ఉంచితే ఎంత సామర్థ్యం మిగులుతుందో అది చెబుతుంది. 25 డిగ్రీల దగ్గర 40 శాతం చార్జితో ఉంచితే సుమారు 96 శాతం మిగులుతుంది. 40 డిగ్రీల దగ్గర నూరు శాతం చార్జితో ఉంచితే సుమారు 65 శాతమే మిగులుతుంది. అంటే మూడో వంతుకు పైగా పోయింది, ఒక్క ఫోను కాల్ కూడా మాట్లాడకుండానే. అంకెలు బ్యాటరీ రకాన్ని బట్టి కొంత మారతాయి, కానీ వాటి దిశ మారదు.

మూడోది పూర్తిగా ఖాళీ చేయడం. ఫోను స్విచాఫ్ అయిన తరవాత అలాగే వారాల తరబడి సొరుగులో పడేస్తే వోల్టేజి మరీ పడిపోతుంది. లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. ఒక్కోసారి ఆ బ్యాటరీ మళ్ళీ లేవనే లేవదు.

నాలుగోది వాడకం. ఒక నూరు శాతం వాడకాన్ని ఒక చక్రం అంటారు. ఇవాళ 50 శాతం, రేపు 50 శాతం వాడితే రెండు రోజులకు ఒక చక్రం. వైరు ఎన్నిసార్లు పెట్టామన్నది లెక్కలోకి రాదు. చాలాకాలం పాటు ఫోను బ్యాటరీలను 500 చక్రాల తరవాత 80 శాతం సామర్థ్యం మిగిలేలా తయారు చేసేవారు. కొత్త ఫోన్లలో కొన్నిటికి 1000 చక్రాలు చెబుతున్నారు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే కొత్త రకం ఫోన్ల బ్యాటరీలకు 800 చక్రాల తరవాత కనీసం 80 శాతం సామర్థ్యం ఉండాలని నియమం వచ్చింది.

చలి సంగతి కూడా ఒక్క మాట. లేహ్, ద్రాస్ వంటి చోట్ల చలికాలంలో బ్యాటరీ త్వరగా దిగిపోయినట్టు కనిపిస్తుంది. వెచ్చబడితే అది తిరిగి కోలుకుంటుంది. కానీ సున్నా డిగ్రీల కింద చార్జింగ్ పెట్టకూడదు. లిథియం పొరల్లోకి దూరలేక, గ్రాఫైట్ పైనే లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం శాశ్వతం. ఫోనును ముందు జేబులో వెచ్చబడనిచ్చి, ఆ తరవాత చార్జింగ్ పెట్టాలి.

పాత సలహాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

కొన్నరోజు ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టమని, పూర్తిగా అయిపోయాకే మళ్ళీ పెట్టమని షాపులో చెప్పడం మీలో చాలామంది విని ఉంటారు. ఇవి ఎవరో కల్పించిన మాటలు కావు. ఒకప్పుడు నిజమే. 1990లలో వచ్చిన ఫోన్లలో నికెల్ కాడ్మియం, నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు ఉండేవి. ముఖ్యంగా నికెల్ కాడ్మియం బ్యాటరీని పదేపదే సగంలోనే చార్జింగ్ పెడితే, ఆ సగాన్నే అలవాటు చేసుకున్నట్టు ప్రవర్తించేది. దీన్ని జ్ఞాపక ప్రభావం అనేవారు. అప్పుడప్పుడూ పూర్తిగా ఖాళీ చేయడం దానికి మందు. బ్యాటరీ మారింది, సలహా మారలేదు. లిథియం అయాన్ బ్యాటరీకి ఆ జబ్బు లేదు. కొన్న ఫోనును వెంటనే వాడుకోవచ్చు. సగంలో పెట్టవచ్చు, సగంలో తీయవచ్చు. నిజానికి దానికి అదే ఇష్టం.

రాత్రంతా చార్జింగ్ పెడితే పేలిపోతుందా? మంచి ఫోను, సరైన చార్జరు అయితే పేలదు. నిండగానే లోపలి సర్క్యూటు చార్జింగ్ ఆపేస్తుంది. కాకపోతే తెల్లవార్లూ నూరు శాతం దగ్గరే ఉండిపోతుంది కాబట్టి కొంత ఆయుష్షు తగ్గుతుంది. దిండు కింద, పరుపు మీద, దుప్పటిలో పెట్టి చార్జి చేయడం మాత్రం ప్రమాదమే. వేడి బయటికి పోయే దారి ఉండదు.

వేడెక్కిన ఫోనును ఫ్రిజ్‌లో పెట్టేవారున్నారు. ఆ పని చేయకండి. చల్లని ఫోనును బయటికి తీయగానే చల్లని చెంబు మీద పట్టినట్టే దానికీ చెమట పడుతుంది. లోపల కూడా తేమ చేరుతుంది. నీడలో పెట్టి, కవరు తీసి, ఫ్యాను గాలి తగలనిస్తే చాలు.

రోజు గడవాలంటే

బ్యాటరీ ఎక్కువసేపు రావాలి అన్నప్పుడు మనం రెండు వేర్వేరు కోరికలను కలిపేస్తుంటాం. ఒకటి, ఈ రోజు రాత్రి దాకా చార్జింగ్ రావాలని. రెండోది, బ్యాటరీ మూడు నాలుగేళ్ళు మన్నాలని. ముందు మొదటిది చూద్దాం.

5000 ఎమ్.ఎ.హెచ్. బ్యాటరీ అంటే 1000 మిల్లీ ఆంపియర్ల చొప్పున అయిదు గంటలు ఇవ్వగలదన్నమాట. శక్తి లెక్కలో సుమారు 19 వాట్ అవర్లు. దీన్ని ఎవరు ఖర్చు పెడుతున్నారన్నదే ప్రశ్న.

ముందుగా స్క్రీను. వెలుగు తగ్గించడమే అన్నిటికన్నా సులువైన పొదుపు. స్క్రీనును నల్లగా మార్చే డార్క్ మోడ్ వల్ల లాభం ఉందా? ఓఎల్ఈడీ స్క్రీను అయితే ఉంది. అందులో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది. నలుపంటే ఆరిపోయిన చుక్క. ఎల్‌సీడీ స్క్రీనులో వెనకనున్న దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి పెద్దగా లాభం లేదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ఓఎల్ఈడీ ఫోన్ల మీద కొలిచి చూశారు. వెలుగు 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు డార్క్ మోడ్ వల్ల 3 నుంచి 9 శాతం దాకా మాత్రమే ఆదా అయింది. వెలుగు పూర్తిగా పెంచినప్పుడు 39 నుంచి 47 శాతం దాకా ఆదా అయింది. ఎండలో పనిచేసే వారికి ఇది ఉపయోగపడుతుంది. ఇంట్లో కూర్చుని వాడేవారికి అంత తేడా కనిపించదు.

తరవాతది సిగ్నల్. టవరు దూరంగా ఉంటే ఫోను గట్టిగా అరవాలి. టవరు పక్కనే ఉంటే గుసగుసలాడినా సరిపోతుంది. అందుకే కొండ ప్రాంతాల్లో, రైలు ప్రయాణంలో, లిఫ్టుల్లో చార్జింగ్ త్వరగా దిగిపోతుంది. సిగ్నల్ అసలు లేనిచోట ఫోను దాన్ని వెతుకుతూనే ఉంటుంది. అలాంటి చోట కొన్ని గంటలు ఉండవలసి వస్తే ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మంచి ఉపాయం. ఇంట్లో వైఫై ఉంటే మొబైల్ డేటాకు బదులు దాన్ని వాడుకోవడం మేలు.

మూడోది మనకు తెలియకుండా పనిచేసే యాప్‌లు. సెట్టింగుల్లో బ్యాటరీ అన్నచోట చూస్తే ఏ యాప్ ఎంత శాతం తిన్నదో కనిపిస్తుంది. అవసరం లేనిదానికి లొకేషన్ అనుమతి తీసేయండి. అయితే ప్రతి అయిదు నిమిషాలకూ అన్ని యాప్‌లనూ తుడిచేసే అలవాటు వల్ల పెద్దగా ఫలితం ఉండదు. నిద్రపోతున్నవాణ్ణి లేపి మళ్ళీ పడుకోబెట్టినట్టే అది. తెరిచిన ప్రతిసారీ యాప్ మొదటి నుంచి మొదలుకావాలి.

ఏళ్ళు గడవాలంటే

రెండో కోరికకు పాటించవలసినవి తక్కువే.

ఫోనును ఎండకు, వేడికి దూరంగా ఉంచండి. అన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే. చార్జింగ్ పెట్టి ఆటలాడటం, వీడియో కాల్ మాట్లాడటం తగ్గించండి. వేడెక్కుతున్నట్టనిపిస్తే కవరు తీసి చార్జింగ్ పెట్టండి.

వీలైనంతవరకు 20, 80 శాతాల మధ్య ఉంచండి. ఇప్పటి ఫోన్లలో చాలావాటిలో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సదుపాయం ఉంది. రాత్రంతా పెట్టినా, మీరు లేచే వేళకు మాత్రమే నిండేలా చూసుకునే సదుపాయం కూడా కొన్నిటిలో ఉంది. వాటిని ఆన్ చేసుకోండి. అలాగని ఇది వ్రతం కాదు. ఊరికి ప్రయాణమైతే నూరు శాతం నింపుకుని బయలుదేరండి. బ్యాటరీ మనకోసం ఉంది, మనం బ్యాటరీ కోసం లేము.

వేగంగా ఎక్కించే చార్జరు అవసరమైనప్పుడు వాడండి. రాత్రి తొందర లేనప్పుడు నెమ్మదిగా ఎక్కితే వేడి తక్కువ. వాడని ఫోనును దాచాలంటే సగం చార్జి చేసి, స్విచాఫ్ చేసి, చల్లని చోట పెట్టండి. కొన్ని నెలలకోసారి తీసి చూడండి.

ఉబ్బిన బ్యాటరీ

ఇక్కడ బల్ల మీద రెండు పాత బ్యాటరీలు ఉన్నాయి. వెనక మూత తీసి మార్చుకునే రకం ఫోన్లవి. మొదటిదాన్ని బల్ల మీద పెట్టి వేలితో తిప్పుతున్నాను. కొద్దిగా జరిగి ఆగిపోయింది. రెండోది చూడండి, బొంగరంలా గిర్రున తిరుగుతోంది. దీని పొట్ట ఉబ్బింది కాబట్టి బల్లకు ఒక్క చోటే ఆనుతోంది. ఇలా తిరిగే బ్యాటరీని వాడకూడదు. ఇప్పటి ఫోన్లలో బ్యాటరీ బయటికి రాదు కాబట్టి మూత లేవడం, స్క్రీను అంచు పైకి రావడం గుర్తులుగా చూసుకోవాలి.

ఉబ్బిన బ్యాటరీని పొడవకండి, నొక్కకండి, చార్జింగ్ పెట్టకండి. లోపలి ద్రవం మండే స్వభావం ఉన్నదని మొదట్లో చెప్పుకున్నాం కదా. మధ్యనున్న ప్లాస్టిక్ పొర చిరిగి రెండు ధ్రువాలూ తగిలితే క్షణాల్లో మంట వస్తుంది. ఇది ఊహ కాదు. 2007 ఆగస్టులో నోకియా సంస్థ తన బీఎల్-5సీ బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షలు చార్జింగ్ సమయంలో వేడెక్కే అవకాశం ఉందని ప్రకటించి, కోరినవారికి మార్చి ఇచ్చింది. అప్పుడు మన దేశంలోనూ ఎంతో మంది తమ బ్యాటరీ మీద అంకెలు చూసుకుంటూ కంగారు పడ్డారు. 2016లో శామ్‌సంగ్ సంస్థ గెలాక్సీ నోట్ 7 ఫోన్లను మొత్తంగా వెనక్కు తీసుకోవలసి వచ్చింది. పెద్ద సంస్థల తయారీలోనే లోపం రాగలిగితే, పేరూ ఊరూ లేని చవక బ్యాటరీ సంగతి చెప్పనక్కరలేదు. మార్పించేటప్పుడు భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 16046 గుర్తు, నమోదు సంఖ్య ఉన్న బ్యాటరీనే అడగండి. బిల్లు తీసుకోండి.

పాత బ్యాటరీని చెత్తలో వేయకండి, కాల్చకండి. 2022 ఆగస్టులో మన దేశంలో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి, పునర్వినియోగానికి పంపే బాధ్యత తయారీదారులది. ఫోను సర్వీసు కేంద్రంలో ఇస్తే తీసుకుంటారు.

కరెంటు చవక, బ్యాటరీ ఖరీదు

ఒక చిన్న లెక్కతో ముగింపుకు వద్దాం. ఫోనును రోజూ ఒకసారి నిండుగా చార్జి చేస్తే ఏడాదికి సుమారు 7 యూనిట్లు. చార్జరులో వృథాతో కలిపి 9 లేదా 10 యూనిట్లు అనుకుందాం. సీలింగు ఫ్యాను అయిదారు రోజులు ఆపకుండా తిరిగితే అయ్యే ఖర్చు అంతే. కాబట్టి ఫోను విషయంలో మనం పొదుపు చేయవలసింది కరెంటును కాదు, బ్యాటరీని. అందులోని కోబాల్ట్ చాలామటుకు ఆఫ్రికాలోని కాంగో గనుల నుంచి వస్తుంది. బ్యాటరీ పోయిందని ఫోనునే పారేస్తే, బాగున్న స్క్రీను, కెమెరా, సర్క్యూట్లన్నీ దానితో పోతాయి. మిగతా ఫోను బాగున్నప్పుడు బ్యాటరీ ఒక్కటే మార్పించుకోవడం జేబుకూ మంచిది, భూమికీ మంచిది.

ఇక మా వీధి కుర్రవాడికి నేను చెప్పిన సమాధానం. మొదటి రోజు ఎనిమిది గంటలు పెట్టడం వల్ల ఒరిగిందేమీ లేదు. రోజూ సున్నా దాకా దించి నూరు దాకా ఎక్కించడం కొంత కీడు చేసింది. ఎండలో, పూర్తి వెలుగులో, చార్జింగ్ ఎక్కుతూ ఉన్న ఫోను అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నది. "మరి ఎండలో తిరగకుండా నా పని ఎలా అవుతుంది మాస్టారూ?" అన్నాడు. నిజమే. అతని చేతిలో లేనిది అతని తప్పు కాదు. రోజుకు రెండు చక్రాలంటే 800 చక్రాలు పదమూడు నెలల్లో పూర్తవుతాయి. అతని వంటి శ్రామికుడికి బ్యాటరీ అనేది బండి టైరు లాంటిది. అరిగేదే. ఏడాదికోసారి మార్చే ఖర్చును పెట్రోలు ఖర్చుతో పాటు ముందే లెక్కలో వేసుకోవాలి.

అతను చేయగలిగినవి మూడు ఉన్నాయి. స్టాండుకు పైన నీడనిచ్చే చిన్న కప్పు పెట్టడం, ఆగిన చోటల్లా ఫోనును తీసి నీడలో ఉంచడం, బండి నడుస్తుండగా ఎండలో కాకుండా, భోజనం చేసే అరగంట నీడలో చార్జింగ్ పెట్టడం. దారి తెలిసినప్పుడు స్క్రీను ఆపేసి, చెవిలో వినిపించే సూచనలతో వెళ్ళడం కూడా మొదలుపెట్టాడు. ఫోనుకు కొత్త బ్యాటరీ వేయించుకున్నాడు. పాతదాన్ని సర్వీసు కేంద్రంలో ఇచ్చి వచ్చాడు.

ఈ పాఠంలో నేర్చుకున్నవి మరోసారి గుర్తుచేసుకుందాం. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి మొదటి శత్రువు. ఎక్కువసేపు నిండుగా ఉంచడం, పూర్తిగా ఖాళీగా వదిలేయడం తరవాతి శత్రువులు. సగంలో పెట్టి సగంలో తీస్తే నష్టం లేదు. ఉబ్బిన బ్యాటరీని ఒక్క రోజు కూడా వాడకూడదు.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. నికెల్ కాడ్మియం బ్యాటరీకి మేలు చేసిన అలవాటు లిథియం అయాన్ బ్యాటరీకి ఎందుకు కీడు చేస్తుంది?

2. ఒక ఫోనులో రోజుకు 60 శాతం చార్జింగ్ ఖర్చవుతుంది. 800 చక్రాలు పూర్తి కావడానికి ఎన్ని సంవత్సరాలు పడుతుంది?

3. మీ ఇంట్లో ఫోన్లు ఎక్కడ పెట్టి చార్జి చేస్తున్నారో చూడండి. ఆ చోటు మధ్యాహ్నం వేళ ఎంత వేడిగా ఉంటుంది? దానికన్నా మంచి చోటు ఏది?

మూడో ప్రశ్నకు సమాధానం ఈ రోజే ఇంట్లో అందరితో కలిసి వెతకండి.